గిన్నె ఖాళీగా పంపకండి: ముస్లిం ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలి

కర్నూలు పాతబస్తీలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. దాని మీద ఎప్పుడు చూసినా ఒక స్టీలు గిన్నె, అటుదో ఇటుదో. మా గిన్నెల మీద నాన్న పేరు చెక్కించి ఉండేది, వాళ్ల గిన్నెల మీద ఖాలా పెళ్లినాటి తేదీ. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, పక్కింటి ముస్లిం ఆవిడని మేం అలాగే పిలిచేవాళ్లం. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని అమ్మకి పట్టింపు, ఇంట్లో ఏమీ లేని రోజు ఇంత చక్కెరో నాలుగు కరివేపాకు రెబ్బలో వేసి పంపేది. ఖాలాకీ అదే పట్టింపు. ఇద్దరిలో ఎవరూ తగ్గకపోవడంతో ఆ గిన్నెల తిరుగుడు ఇరవై ఏళ్లకి పైగా ఆగనేలేదు.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లు అడుగుతుంటారు, "మా ఫ్లోర్‌లోకి ముస్లిం ఫ్యామిలీ వచ్చారు, మాట్లాడాలనే ఉంది, ఏమంటే తప్పవుతుందోనని టెన్షన్" అని. ఆ టెన్షన్ వల్ల చివరికి లిఫ్టులో తల ఊపడం దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే నేను చూసింది, మా అమ్మ దగ్గరా ఖాలా దగ్గరా నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు మీరే ఏదన్నా అడగండి

కొత్తగా దిగినవాళ్లకి స్వీట్లు ఇవ్వడం మంచిదే. దానికన్నా బాగా పనిచేసేది వాళ్లని ఏదైనా చిన్న వస్తువు అడగడం. రెండు పచ్చిమిరపకాయలు, ఫ్యాన్ తుడుచుకోవడానికి స్టూలు, సుత్తి, ఏదైనా సరే. మనలో చాలామంది ఇవ్వడం దగ్గరే ఆగిపోతాం. దీపావళికి స్వీట్లు పంపుతాం, వాళ్లింటి నుంచి వచ్చినదాన్ని మాత్రం నవ్వుతూ అందుకుని పనమ్మాయికి ఇచ్చేస్తాం. వాళ్లకి తెలీదనుకుంటాం కానీ తెలుస్తుంది, గిన్నె ఎంత తొందరగా కడిగి తిరిగొచ్చిందో చూస్తేనే తెలిసిపోతుంది. ఎప్పుడూ ఇస్తూ మాత్రమే ఉండే మనిషి పక్కింటివాళ్లని దగ్గరికి రానిచ్చినట్టు కాదు, దూరంగా కూర్చోబెట్టి మర్యాద చేసినట్టు.

అడిగితే ఏమనుకుంటారో అని వెనకాడకండి. ఖురాన్‌లో 107వ అధ్యాయం పేరు మాఊన్, అందులో ఏడే వాక్యాలు. చిన్న చిన్న వాడుక వస్తువులు కూడా పక్కవాళ్లకి ఇవ్వనివాళ్లని తప్పుపట్టడంతో అది ముగుస్తుంది. ఆ మాటకి పాతకాలం వ్యాఖ్యాతలు చెప్పిన ఉదాహరణలు కుండ, చేద, గొడ్డలి. అంటే మీరు స్టూలు అడిగితే ఆ ఇంటివాళ్లకి తమ ధర్మం నెరవేర్చుకునే వీలు కల్పించినట్టే. పులుసు వండేటప్పుడు ఇంకాస్త నీళ్లు పోసి పక్కింటికి పంపమని ప్రవక్త చెప్పిన మాట కూడా చాలా ఇళ్లలో పిల్లలకి నేర్పుతారు. నాకు ఇద్దరు పొరుగువాళ్లు ఉన్నారు, ఎవరికి ముందు పంపాలి అని ప్రవక్త భార్య ఆయేషా అడిగితే, ఎవరి గుమ్మం దగ్గరైతే వాళ్లకి అన్నారట ఆయన. ఆ గుమ్మం ఏ మతానిదో అందులో లేదు.

డబ్బు సాయం కూడా ఇందులోదే. మతం ప్రకారం వడ్డీ ఇవ్వడం, తీసుకోవడం చాలామంది ముస్లింలకి ఇష్టముండదు. వాళ్లకి అవసరం పడి మీరు ఇవ్వగలిగితే చేబదులుగా ఇవ్వండి, మన భాషలో ఆ మాటకి వడ్డీ లేదనే అర్థం. అపార్ట్‌మెంట్ చిట్టీలో చేరమని మాత్రం పట్టుబట్టకండి.

నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో ముహర్రం నెలలో జరిగే రొట్టెల పండగ చూసినవాళ్లకి ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్తగా చెప్పక్కర్లేదు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, ఎవరిది ఏ మతమని చూసుకోరు. చెయ్యి చాచి తీసుకునేవాళ్లు లేకపోతే ఇచ్చేవాళ్ల మొక్కు తీరదు.

తిండి సంగతి దాచకుండా మాట్లాడుకోండి

మా అమ్మ మాంసం ముట్టదు. ఖాలా వాళ్లింట్లో వారానికి నాలుగు రోజులు మాంసమే. అమ్మ మొదటి నెలలోనే గోడ దగ్గర నిలబడి చెప్పేసింది, "వదినా, నేను మాంసం తినను, అది వండిన గిన్నెలో చేసిందీ తినలేను, నువ్వేం అనుకోవద్దు" అని. ఖాలా ఏమీ అనుకోలేదు. అప్పటి నుంచి రంజాన్‌కి అందరికీ షీర్ ఖుర్మా వండి పంపితే మాకు మాత్రం సేమ్యాలు, ఖర్జూరాలు, పిస్తా, చక్కెర వేరువేరుగా పొట్లాలు కట్టి, పాల ప్యాకెట్ కూడా పెట్టి పంపేది. అమ్మ మా పొయ్యి మీదే వండేది. సగం మళ్లీ అదే పళ్లెంలో గోడ దాటేది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు పాతబస్తీని ముంచేసినప్పుడు మాది ఒక్క అంతస్తు ఇల్లు, వాళ్లది రెండు. వాళ్ల మేడ మీదికి ఎక్కాం. కింద వంటిల్లంతా నీళ్లలో ఉంది. రాత్రికి ఖాలా ఒక అట్టపెట్టె తెచ్చి, తాళ్లు కోసి, కూతురి పెళ్లికని దాచిన కొత్త కుక్కర్ బయటికి తీసింది. "ఇది ఇంకా పొయ్యి కూడా చూడలేదు వదినా, నీకు ఇందులో వండుతా" అంది. పెసరపప్పు, బియ్యం, ఉప్పు, అంతే. అమ్మ తింటూ ఏడ్చింది. నీళ్లు పైకొస్తున్న రాత్రి ఖాలాకి ఆ సంగతి గుర్తుంది అంటే, అమ్మ ఎన్నో ఏళ్ల ముందు మొహమాటపడకుండా చెప్పినందుకే.

కాబట్టి మీ నియమం మీరు చెప్పండి, వాళ్లది అడగండి. ఊహించుకోకండి. మాంసం అయితే హలాల్‌ది కావాలి, చికెన్ బిర్యానీ తెప్పించి పెడుతున్నారంటే ఎక్కడ తెప్పించారో ముందే చెప్పండి. పంది మాంసం, మద్యం కుదరదు, మద్యం కలిపిన కేకులూ చాక్లెట్లూ కూడా. కొందరు జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసే జెలాటిన్ ఉందేమోనని స్వీట్ల ప్యాకెట్ల వెనక చదువుతారు, దాన్ని అనుమానంగా తీసుకోకండి. ఏమీ తోచకపోతే పళ్లు ఇవ్వండి.

ప్రసాదం విషయంలో చాలామంది బాధపడుతుంటారు. కొందరు ముస్లింలు సంతోషంగా తీసుకుంటారు, కొందరు దేవుడికి నైవేద్యం పెట్టింది తినకూడదని నమ్ముతారు. రెండోవాళ్లు మిమ్మల్ని తక్కువ చేసినట్టు కాదు, మా అమ్మ మాంసం తినకపోవడం ఖాలాని తక్కువ చేయడం ఎలా కాదో ఇదీ అంతే. వినాయక చవితికి అమ్మ ఖాలా వాళ్ల కోసం ఉండ్రాళ్లు వేరే చిన్న గిన్నెలో విడిగా చేసి పంపేది, "ఇది నైవేద్యానికి పెట్టింది కాదు" అని చెప్పి మరీ.

ఇది చదివే ముస్లిం మిత్రులకి కూడా ఒక మాట. బక్రీద్ మాంసంలో ఒక భాగం బంధుమిత్రులకీ ఇరుగుపొరుగుకీ పంచుతారని నాకు తెలుసు, దాని వెనక ప్రేమా తెలుసు. కానీ పంపే ముందు ఆ ఇంట్లో తింటారా, ఆ రోజు శనివారమో కార్తీక మాసమో అయి మానేశారా అని ఒక ఫోన్ చేయండి. గొర్రెని కోసినప్పుడు ప్రవక్త సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ "మన యూదు పొరుగింటికి పంపారా?" అని ఇంట్లోవాళ్లని మళ్లీ మళ్లీ అడిగారని చెప్తారు కదా. శాకాహారం ఇంటికైతే ఆ వాటా పళ్ల బుట్టగా వెళ్లినా ఆ అడగడంలో ఉన్న శ్రద్ధ తగ్గదు.

రంజాన్ నెల

చాంద్రమానం కాబట్టి ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2024లో మన దగ్గర ఈద్ ఏప్రిల్ 11న వస్తే 2025లో మార్చి 31న వచ్చింది, దానికి ముందు రోజే ఉగాది. ఆ ఆదివారం మా ఇంటి పచ్చడి వాళ్లింటికి, సోమవారం వాళ్ల సేమ్యా మా ఇంటికి. ఎండాకాలంలో వచ్చే రంజాన్‌కీ చలికాలంలో వచ్చేదానికీ చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే రోజా అంటే మంచినీళ్లు కూడా ముట్టరు. తెల్లారకముందే సెహ్రీకి లేస్తారు, అప్పుడు పక్కింట్లో గిన్నెల చప్పుడు వినపడుతుంది. మీకు నిద్ర చెడుతుంటే గ్రూపులో పెట్టకండి, నేరుగా వెళ్లి చెప్పండి, మిక్సీ అటు గదిలోకి మార్చుకుంటారు.

ఉపవాసం ఉన్న మనిషి ముందు తినొచ్చా అని అడుగుతారు. తినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, బలవంతంగా దాక్కుని తింటేనే వాళ్లకి ఇబ్బంది. కానీ ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగకండి: ఆడపిల్లని పట్టుకుని "ఏం ఈరోజు రోజా లేవా?" అని. నెలసరిలో ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ, బాలింతలకీ, జబ్బుపడినవాళ్లకీ, ప్రయాణంలో ఉన్నవాళ్లకీ మినహాయింపు ఉంది. నలుగురిలో ఆ ప్రశ్న అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? షుగర్ ఉన్న పెద్దాయన రోజా ఉంటానంటే దబాయించకండి, డాక్టర్ ఏమన్నారో కనుక్కోండి, సాయంత్రం పూట ఒకసారి చూసి రండి చాలు.

ఇఫ్తార్‌కి పిలిస్తే సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందే వెళ్లండి. ఆ క్షణం వాళ్లకి చాలా ముఖ్యం. మనం ఆలస్యంగా వెళ్లి తలుపు కొడితే ఖర్జూరం చేతిలో పట్టుకున్నవాళ్లు లేచి రావాల్సి వస్తుంది.

ఇంకోటి, ముహర్రంకి "హ్యాపీ ముహర్రం" అని పెట్టకండి. పీర్ల పండగ అని మన ఊళ్లలో అందరం కలిసి చేస్తాం, గుండం చుట్టూ తిరుగుతాం, నిజమే, కానీ అది ప్రవక్త మనవడు హుసేన్ వీరమరణాన్ని తలుచుకునే పదో రోజు.

గుమ్మం దగ్గర

తలుపు తీసే ఉన్నా పరదా ఉంటే బయటి నుంచే పిలవండి. మగవాళ్లు ఇంట్లో లేకపోతే మగవాళ్లు లోపలికి వెళ్లకపోవడమే మర్యాద, ఇంట్లో అమ్మనో భార్యనో తోడు తీసుకెళ్లండి. ఆడవాళ్లకి మీరుగా చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇవ్వకండి. నమాజులో ఉంటే ఎదురుగా నడవకండి, ఒక పది నిమిషాలు ఆగితే సరిపోతుంది. కుక్క ఉంటే ఒడిసి పట్టుకోండి, బట్టలకి దాని లాలాజలం అంటితే చాలామంది ఆ బట్టలతో నమాజ్ చేయరు.

అందరితో హిందీ ముక్కలు మాట్లాడకండి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో ఎన్నో తరాలుగా ఇంటి భాష తెలుగే. మీకన్నా మంచి తెలుగు మాట్లాడే మనిషిని "ఆప్ కైసే హై" అని పలకరిస్తే, నువ్వు ఇక్కడిదానివి కాదు అన్నట్టు వినపడుతుంది. "తురకోళ్లు" అన్న మాట ఇంట్లో పిల్లల ముందు కూడా వద్దు, పిల్లలు దాన్ని మోసుకెళ్లి స్కూల్లో దించుతారు. అన్నిటికన్నా నొప్పించే మాట మెచ్చుకోలు లాగా వచ్చేది: "మీరు మిగతావాళ్లలా కాదులే, మంచివాళ్లు." ఆ మిగతావాళ్లలో వాళ్ల అమ్మా నాన్నా ఉన్నారు.

చావు ఇంట

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన మంచితనం అవసరమయ్యేది ఇక్కడ, తెలియక ఆగిపోయేదీ ఇక్కడే.

ముస్లింల ఇంట్లో ఎవరైనా పోతే ఖననం తొందరగా జరుగుతుంది, వీలైతే ఆ రోజే. కాబట్టి సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్దామనుకోకండి. కబురు తెలియగానే వెళ్లి, "ఏం చేయమంటారు" అని ఏడుస్తున్న మనిషిని అడగకుండా, అక్కడ పనులు చూస్తున్న ఒక పెద్దమనిషిని పట్టుకుని మీరు చేయగల పని చెప్పండి: బండి ఉంది, డాక్టర్ దగ్గర మరణ ధ్రువీకరణ తెచ్చిపెడతాను; మా ఇంట్లో రెండు గదులు ఖాళీ, ఊరి నుంచి వచ్చే ఆడవాళ్లు అక్కడ ఉండొచ్చు; పిల్లల్ని మా ఇంటికి తీసుకెళ్తాను. కుర్చీలు, మంచినీళ్లు, పార్కింగ్, ఇవన్నీ మీరు చూసుకోవచ్చు.

దేహానికి స్నానం చేయించడం, తెల్లబట్టలో చుట్టడం వాళ్లే చూసుకుంటారు. పోయింది ఆడమనిషి అయితే పరాయి మగవాళ్లకి ముఖం చూపించరు, చివరిచూపు కావాలని పట్టుబట్టకండి. పూలదండ తీసుకెళ్లే ముందు అడగండి, చాలామందికి వద్దు. ఫోటోలు అసలు వద్దు. జనాజా నమాజ్, అంటే పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, జరుగుతుంటే వెనక నిశ్శబ్దంగా నిలబడితే చాలు. దారిలో జనాజా (పాడె) మోసేవాళ్లు కొన్ని అడుగులకోసారి భుజం మారతారు, మీరూ ఒక భుజం ఇవ్వాలనుకుంటే పక్కవాళ్లకి చెప్పండి, మా ఊళ్లో వద్దన్నవాళ్లని నేను చూడలేదు. ఖబరస్తాన్‌లో అందరూ మూడు పిడికిళ్లు మట్టి వేస్తారు, మా నాన్న ఖాలా భర్తకి వేశాడు.

తర్వాత భోజనం. తన బంధువు జాఫర్ మరణవార్త వచ్చినప్పుడు, వాళ్ల ఇంటివాళ్లకి వంట చేసి పంపండి, వాళ్లు వేరే బాధలో ఉన్నారు అని ప్రవక్త చెప్పారు. మనకీ చావు ఇంట పొయ్యి వెలిగించని ఆచారం ఉంది కదా, అదే పని. అన్నం, పప్పు, చారు, పెరుగు తీసుకెళ్లండి, శాకాహారం అయితే హలాలా కాదా అన్న ప్రశ్నే రాదు. మొదటి రోజు అందరూ తెస్తారు, మూడో రోజు ఎవరూ తేరు, మీరు మూడో రోజు తీసుకెళ్లండి.

భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ అని నాలుగు నెలల పది రోజులు ఉంటుంది, అవసరం ఉంటే తప్ప గడప దాటదు. "ఇంట్లో బంధించారు" అని మీరు తీర్పు చెప్పకండి, ఆ సమయంలో ఆమెకి కావాల్సింది మీ అభిప్రాయం కాదు. కావాల్సింది బీపీ మాత్రలు తెచ్చేవాళ్లు, కరెంటు బిల్లు కట్టేవాళ్లు, బ్యాంకు వాళ్లతో మాట్లాడి ఇంటికొచ్చి సంతకం తీసుకునే ఏర్పాటు చేయించేవాళ్లు, పింఛన్ కాగితాలకి తిరిగేవాళ్లు. అమ్మ రోజూ మధ్యాహ్నం మూడింటికి చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని ఖాలా దగ్గర కూర్చునేది. ఇద్దరూ ఈనెలు తీసేవాళ్లు. ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు.

నాన్న పోయినప్పుడు ఖాలా కొడుకులు కట్టెలు తెచ్చారు, శ్మశానంలో చివరిదాకా నిలబడ్డారు. ఒక యూదుడి శవయాత్ర వెళ్తుంటే ప్రవక్త లేచి నిలబడ్డారట, అతను యూదుడు కదా అంటే, అదీ ఒక ప్రాణమే కదా అన్నారట. ఖాలా ఆ రోజు మా ఇంటి నుంచి వెళ్లేటప్పుడు "వెళ్లొస్తా" అనలేదు, చావు ఇంట ఆ మాట అనకూడదని ఆమెకి తెలుసు. ఊరికే అమ్మ భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

కష్టమైన పని

ఇప్పటిదాకా చెప్పినవి మంచి మనసుంటే చేసేయొచ్చు. ఇది అలా కాదు. మీ వాట్సాప్ గ్రూపులో ముస్లింల మీద ఒక వీడియో వస్తుంది, పెట్టింది మీ మేనమామో మీ క్లాస్‌మేటో. అక్కడ ఊరుకుని పక్కింటికి వెళ్లి సేమ్యా తినడం నాకు సరిగ్గా అనిపించదు. గొడవ పడక్కర్లేదు. "ఇది ఎక్కడిది మామయ్యా, ఎప్పటిది?" అని ఒక్క ప్రశ్న అందరికీ కనపడేలా అడగండి. చాలాసార్లు జవాబు రాదు, ఆ వీడియో కూడా ఇంకో గ్రూపుకి వెళ్లదు. మీ వీధి గురించే పుకారు అయితే మసీదు కమిటీలో ఒకరి ఫోన్ నంబర్ మీ దగ్గర ముందే ఉండాలి, వాళ్ల దగ్గర మీ గణేశ్ మండపం వాళ్ల నంబర్ ఉండాలి. 2023లో హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే వస్తే ముస్లిం పెద్దలు తమ ఊరేగింపుని అక్టోబరు 1కి జరుపుకున్నారు. అలాంటి నిర్ణయాలు ఆ పూటకి పుట్టవు, ముందు నుంచీ మాటలు ఉండాలి. మీ ఊరేగింపు మసీదు ముందు నుంచి వెళ్తుంటే నమాజ్ వేళలు కనుక్కుని ఆ కాసేపు డప్పు ఆపండి.

అద్దె ఇల్లు ఇంకోటి. నా స్నేహితురాలు, మంచి ఉద్యోగం, అడ్వాన్స్ చేతిలో పట్టుకుని ఒక ఇంటికి వెళ్తే ఫోన్‌లో సరేనన్న ఓనర్ పేరు విన్నాక "మా చుట్టాలకి ఇచ్చేశాం" అన్నారు. అలాంటి ఇళ్లు నెలలో ఐదు. ఐదోసారి నేనూ వెంట ఉన్నాను, మెట్లు దిగుతూ ఆమె ఏమీ మాట్లాడలేదు, నాకే తల ఎత్తాలనిపించలేదు. మీకు అద్దెకిచ్చే ఇల్లు ఉంటే ఇంతకన్నా పెద్ద పొరుగు ధర్మం వేరే వెతుక్కోకండి. ఇల్లు లేకపోతే, మీ ఓనర్‌తో "వాళ్లు నాకు తెలుసు, మాట నాది" అనండి. అసోసియేషన్ మీటింగ్‌లో "ఫలానా వాళ్లకి ఇవ్వొద్దు" అని ఎవరైనా అంటే, మీరు నోరు తెరవాల్సిన నిమిషం అదే.

ఇల్లు మారేటప్పుడు

హజ్‌కి వెళ్లే ముందు ముస్లింలు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి, అన్నవీ విన్నవీ ఏమన్నా ఉంటే క్షమించమని అడుగుతారు. ఖాలా వెళ్లేముందు మా ఇంటికొచ్చి అడిగితే అమ్మ "నీకేం క్షమాపణ వదినా" అని కొట్టిపారేయబోయింది. ఖాలా ఊరుకోలేదు, "లేదు, నోటితో చెప్పు" అంది. అమ్మ చెప్పింది. తర్వాత ఆమె తిరిగొచ్చేదాకా, సుమారు నలభై రోజులు, వాళ్ల చెట్లకి నీళ్లు మేమే పోశాం. మీ దగ్గరికి అలా ఎవరైనా వస్తే తేలిగ్గా నవ్వేయకండి, కూర్చోబెట్టి వినండి.

మేం ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు అమ్మకి ఆ సంగతి గుర్తొచ్చి తనూ వెళ్లి అడిగింది. మీరూ అడగండి, కొత్త అడ్రస్ ఇవ్వండి, తెచ్చుకున్నవి ఇచ్చేయండి. మేం అన్నీ ఇచ్చేశామనే అనుకున్నాం. మొన్న సామాను సర్దుతుంటే అటక మీద ఖాలా పెళ్లినాటి తేదీ ఉన్న గిన్నె దొరికింది. ఫోన్ చేస్తే, "మీ నాన్న పేరున్నవి రెండు ఉన్నాయి నా దగ్గర, ఒకదాంట్లో ఉప్పు పోసుకున్నా" అంది. వచ్చే ఆదివారం కర్నూలు వెళ్తున్నాను, ఆ గిన్నెలో ఏం పెట్టి తీసుకెళ్లాలో అమ్మ ఇంకా తేల్చలేదు.